పడవకి వేసే పట్టీ

అదిగో, మళ్ళీ కంచం పక్కకి జరిపేసేరు! ఏంటండీ అయ్యగారూ ఇది? నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. పొద్దున్న ఇడ్లీ చిదిపి చిదిపి అలాగే వదిలేసేరు. వండినదాన్ని, నాకెలాగుంటుందో ఆలోచించేరా? వంజరం ముక్కలండీ. వాసన చూసే పులుసు కుదిరిందో లేదో చెప్పేసే మనిషి మీరు. ఇవాళ ముద్ద నోటి దాకా కూడా పోలేదు.

కాదు, లేవకండి. కూర్చోండి. అమ్మగారు పాపని తీసుకుని ఎవరిదో పుట్టినరోజంటే వెళ్ళేరు, పొద్దుగూకేదాకా రారు. నేనూ దానికోసమే చూస్తున్నాలెండి. నేను వంటింట్లోంచి వస్తే మీరు బాల్కనీలోకి, నేను బాల్కనీలో బట్టలు తియ్యడానికొస్తే మీరు గదిలోకి. ఇంత ఫ్లాటులో మనిద్దరం దొంగాపోలీసు ఆడుకుంటున్నాం.

అరవనండీ. ఈ ఇంట్లో నేనెప్పుడైనా గొంతెత్తేనా?

మీకన్నీ తెలుసు. తెలిసిన సంగతే మళ్ళీ మొదట్నించీ చెప్తాను, వినండి. ఎందుకంటారేమో, మొన్న ఒక చోటికెళ్ళి ఇదంతా చెప్పేను. ఒక్కరూ నమ్మలేదు. ఎక్కడికెళ్ళేనో ఆఖర్న చెప్తాను. మా ఆయన కాక, నా మాట నిజమని తెలిసిన మనిషి ఈ దేశంలో మీరొక్కరే కదా. మీ ముందు ఒక్కసారి వరసగా చెప్పుకుంటే నా కడుపులో మంట కాస్త తగ్గుద్ది.

మా ఉప్పాడ సంగతి మీకు తెలీంది కాదు. ఏటా ఇంతింత ఊరిని సముద్రం మింగుతానే ఉంటుంది. మా ఆయన, మా కూతురు చిన్ని వాళ్ళ నాన్న, వేటకెళ్ళే రకం కాదండీ. పడవెక్కితే వాంతులాయనకి. పల్లెకారోడికి వాంతులేంట్రా అని ఊరంతా నవ్వేవారు. అందుకని ఒడ్డునే ఉండి, రాయి తగిలి చిల్లు పడ్డ ఫైబరు పడవల్ని బాగుచేసేవాడు. తిరగేసి, గోకి, గాజునార గుడ్డ పరిచి, జిగురు పూసి, ఎండలో గట్టిపరిచి ఇచ్చేసేవాడు. పెద్దిరాజు పట్టీ వేస్తే పడవ ఇంకెక్కడైనా పగలాలి గానీ పట్టీ దగ్గర పగలదు అనేవారు.

చూసేరా, మొగుడి పేరు ఎంత తేలిగ్గా అనేసేనో. మొన్నటిదాకా ఈ నోటమ్మట రాలేదది. మొన్న అక్కడ అనిపించేరు. ఇప్పుడిక సిగ్గేముందిలెండి.

చేపలు తగ్గిపోయేయి, పడవలు తగ్గిపోయేయి. ముందు నేనొచ్చేను దుబాయ్, వెనకాల ఆయనొచ్చేడు. జెబెల్ అలీలో గోడౌన్లో పెట్టెలు మోసేవాడు. కరోనా వచ్చినప్పుడు క్యాంపు గేటు మూసేసేరు. లోపల ఆయన, ఇక్కడ జ్వరంతో నేను. ఆ జ్వరంలో నన్ను కారెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది మీరే. ఆ రోజుల్లో పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపిన కఫీలు, వీసా ఇచ్చిన యజమాని, ఇంకొకరున్నారా? నేను మర్చిపోలేదు. అది మర్చిపోగలిగితే నాకింత బాధే లేదు.

సరే, ఆ రోజు. ఇదే టేబులు, ఇదే కుర్చీ. మీరు అమ్మగారితో అంటన్నారు, కంపెనీవాళ్ళు ఒప్పుకోవట్లేదని. రువైస్‌లో వాళ్ళ ప్లాంటులో పైపులన్నీ తుప్పెక్కిపోతున్నాయి. మీ యూనివర్సిటీలో దానికో పట్టీ కనిపెట్టేరు. పైపు కొయ్యక్కర్లేదు, వెల్డింగక్కర్లేదు. మీరేదో కొత్త నార కలిపి నేసిన గుడ్డ, దానికో జిగురు. మనిషికి చెయ్యిరిగితే కట్టు కట్టినట్టు పైపుకి చుట్టేస్తే ఇనుము కన్నా గట్టిగా ఉంటుంది. అన్నీ బాగున్నాయి గానీ, మీ ల్యాబులో పీహెచ్‌డీ పిల్లలు చుడితే మాకేం ఒరుగుతుంది, మా ఎండలో మా కూలోడు చుట్టగలడా అది చూపించండి అంటన్నారు. అదీ మీ బెంగ.

చట్నీ వేస్తా నోరు జారేను. "మా ఆయన చేసేది అదే పనండీ అయ్యగారూ, పడవలకి" అన్నాను.

మీ మొహం వెలిగిపోయింది! నాకింకా గుర్తే. సగం అట్టు కంచంలో వదిలేసి నిలబడిపోయేరు. "నిజంగానా అచ్చాయమ్మా? రేపే రమ్మను" అన్నారు. నేనెంత మురిసిపోయేనో తెలుసా? మా ఆయన చేతిలో ఉన్న విద్యకి ఇంత పెద్ద చదువు ఎదురెళ్ళి తలుపు తీస్తోందనుకున్నాను. ఎవరు ఏ గోతిలోకి తలుపు తీసేరో ఎవరికి తెలుసు!

మీ ల్యాబులో అది చేసి చూపించిన రోజు టిఫిన్లు పట్టుకొచ్చింది నేనే కదండీ. గుమ్మం దగ్గర నిలబడి చూసేను. తెల్లకోటు వేసేరు మా ఆయనకి. అద్దాలు పెట్టేరు. చల్లగా ఏసీ. పైపు అద్దంలాగ తుడిచి పెట్టేరు. మీ పిల్లలు జిగురూ, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నరూ తక్కెట్లో తూచి తూచి కలిపేరు, బంగారం తూచినట్టు. ఆయన చుట్టేడు. చుట్టడమే ఆయన పని. గాలిబుడగ లేకుండా బొటనవేలితో నొక్కుకుంటా, ముడతలు సాపు చేసుకుంటా, పసిపిల్లకి గుడ్డలు చుట్టినంత నెమ్మదిగా.

తరవాత దాంట్లోకి నీళ్ళు ఎక్కించేరు. ఒత్తిడి చూపించే ముల్లు పైకి పోతానే ఉంది.  పట్టీ కదల్లేదు. చప్పట్లు! కంపెనీ ముదీరు, అదే వాళ్ళ మేనేజరు, వచ్చి చెయ్యి కలిపేడు. మీరు మా ఆయన భుజం మీద చెయ్యేసి "మా ఫీల్డ్ ఎక్స్‌పర్ట్" అన్నారు. ఫోటో తీసేరు. తెర మీద పెద్ద అక్షరాలతో వేసేరు, సామాన్య కూలీ కూడా చెయ్యగలడని. మీరే చదివి నాకు తెలుగులో చెప్పేరు.

ఆ ఫోటో ఇప్పటికీ ఆయన ఫోను మీద ఉంటుంది. మా చిన్ని ఫోటో తీసేసి అది పెట్టుకున్నాడు. "ఆ చెయ్యి ఇంకా నా భుజం మీదున్నట్టే ఉందే" అనేవాడు. నేను నవ్వేదాన్ని. చెయ్యేస్తే చెయ్యేగా, పల్లకీ ఎక్కించలేదుగా అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

కలిపింది మీ పిల్లలు, చుట్టింది మా ఆయన. ఆ తేడా ఆ రోజు ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు, నన్నూ కలుపుకోండి. తిలాపాపం తలా పిడికెడు.

నీళ్ళు తాగండి. 

రువైస్ వెళ్ళేడు. కంపెనీ వీసా, కంపెనీ గది, జిగురు కలపడమూ ఈయనదే, పట్టీలేసే మనుషులకి ఈయన ఫోర్‌మను. అక్కడ జానీ బాషాగారు దొరికేడు, నెల్లూరాయన. పైపు ఫిట్టరు. మా ఆయనకన్నా పెద్దోడే, మనవల్నెత్తిన మనిషి. ఇద్దరిదీ ఒకే గది. ఎంత సావాసమండీ! చేపల పులుసు దగ్గరే రోజూ తగువు. మాది పులుసు, మీది చారు అని ఆయన. మీది పులుసు కాదు, మిరపకాయల నీళ్ళు అని ఈయన. నేను ఫోను చేస్తే బాషాగారే ఎత్తి "చెల్లెమ్మా, మీ ఆయనకి ఉప్పెయ్యడం నేర్పలేదా నువ్వు?" అనేవాడు. మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. గొంతే తెలుసు.

మొదట చలికాలంలో బాగానే సాగింది. వేసిన పట్టీలన్నీ నిలబడ్డాయి. మీరు ఇంటికొచ్చి మా ఆయన పేరు చెప్పి కాఫీ అడిగిన రోజులున్నాయి.

వేసంకాలం వచ్చింది. మధ్యాహ్నప్పూట బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు కదండీ. మంచి రూలే. పెట్టినవాళ్ళ కడుపు చల్లగుండాలి. అందుకని తెల్లారకముందే పని మొదలెట్టేసి, ఎండ ముదరకముందే ఆపేస్తారు. మరి మీరు చేసిన పరీక్షలన్నీ ఎప్పుడు చేసేరు? ఏసీలో, టిఫిను తిన్నాక. రువైస్‌లో సముద్రం పక్కన ఆ వేళప్పుడు ఎలాగుంటుందో మీరెప్పుడైనా చూసేరా? మంచు కాదది, వానే. ఆపేసిన పైపు చల్లబడి పోయుంటుంది, తేమంతా దాని మీదే దిగుద్ది. ఒళ్ళంతా నీళ్ళోడతా ఉంటుందంట. తుడిస్తే మళ్ళీ. తుడిస్తే మళ్ళీ. కూలోడు ఎండకి చావకూడదని పెట్టిన రూలు, పనిని తీసుకెళ్ళి తడిలో పడేసింది. ఎవరి తప్పంటారు? ఎవరిదీ కాదు. కానీ ఎవరో ఒకరు ఆలోచించాలి కదా! మీరు కాకపోతే ఎవరు?

అలాగ చూడకండి. నేనింకా అసలు సంగతికి రాలేదు.

ఆ పొద్దున్న మీరు వాకింగుకి బూట్లు తొడుక్కుంటున్నారు. నేను కాఫీ కలుపుతున్నాను. నా ఫోను మోగింది. నా ఫోనండీ, మీది కాదు. "అచ్చాయమ్మా, సారుగారు లేచేరా? ఖాళీగా ఉన్నారేమో చూసి ఒకసారి ఇయ్యి" అన్నాడు. మీ నంబరు ఆయన దగ్గరుంది, మీరే ఇచ్చేరు. అయినా తిన్నగా చెయ్యడు. పెద్దవాళ్ళతో మాటుంటే ముందు ఇంట్లో ఆడమనిషిని కనుక్కుని, వీలు చూసుకుని, అప్పుడు నోరు విప్పాలి. మా ఒడ్డు మీద అంతేనండీ, ఆసామి లేచేడో లేదో ఆయన ఇల్లాలినడిగి గానీ గుమ్మమెక్కం. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఫోను మీకిచ్చేను. ఇక్కడే, ఈ ఫ్రిజ్ పక్కన నిలబడి మాట్లాడేరు. మీ మాటలు ఒక్కోటీ నాకు గుర్తున్నాయి.

"ఏం పెద్దిరాజూ? తడా? తుడిచెయ్యవయ్యా." తర్వాత ఆయనేదో అన్నాడు. "ఆగడానికి లేదు. గురువారం వాళ్ళ పెద్దలంతా వచ్చి చూస్తారు. మొత్తం ప్లాంటుకి మన పట్టీ తీసుకుంటారో లేదో ఆ రోజే తేలిపోద్ది." మళ్ళీ ఆయనేదో అన్నాడు. అప్పుడు మీరు నవ్వేరు. నవ్వుతా అన్నారు. "మీ ఊళ్ళో వానల్లో పడవలు బాగుచెయ్యరా? అప్పుడేం చేస్తారు? అదే చెయ్యి. నీకు నేను నేర్పాలా?"

అని ఫోను నా చేతికిచ్చి కాఫీ తీసుకున్నారు.

ఏంటండీ? పైపుకి వేడిదీపం పెట్టి తడి ఆరబెట్టమని మీ ఉద్దేశమా? ఉద్దేశం అయ్యుండొచ్చు. ఆ మాట పైకి అనలేదే!

వానల్లో మా వాళ్ళేం చేస్తారో తెలుసా మీకు? జిగురు ఆరదని హార్డ్‌నరు ఇంకో మూత ఎక్కువ పోస్తారు. పొగలు కక్కుకుంటా గట్టిపడిపోద్ది. మా తాతలనాటి చెక్కపడవలు పోయి ఫైబరొచ్చిన దగ్గర్నించీ అందరూ చేసేది అదే. పడవకి అది చాలు. పడవకి బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఉంటే చాలు. పైపుకి లోపలి నీళ్ళు బయటికి తన్నుతాయి. ఇంకా పైగా మీ జిగురు వేరంట. దానికి లెక్క తప్పి హార్డ్‌నరు పోస్తే త్వరగా ఆరదంట సరికదా, పైకి గట్టిగానే కనబడి లోపల పట్టు పోద్దంట.

నాకెలా తెలుసా? మీరే చెప్పేరు! బాషాగారు పోయిన మర్నాడు, హాల్లో అటూ ఇటూ తిరుగుతా కంపెనీవాళ్ళకి ఫోన్లో చెప్పేరు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. "కూలోడు పాళ్ళు మార్చేశాడు, ఆ జిగురుకీ ఈ జిగురుకీ తేడా తెలీదు వాడికి" అన్నారు. ఇంగ్లీషులోనే అన్నారు. మీ ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఆ మాత్రం అర్థం కాదా?

తేడా ఆయనకి తెలీదు. నిజమే. మీకు తెలుసుగా? ఆ పొద్దున్న, ఫ్రిజ్ పక్కన, నవ్వే ముందు ఒక్క ముక్క. "పెద్దిరాజూ, ఇది ఆ జిగురు కాదు, పాళ్ళు మార్చకు." ఇంతే కదండీ! కాఫీ చల్లారేది కూడా కాదు.

ఏడవట్లేదు. ఉల్లిపాయల చేతులు, కళ్ళకి తగిలేయి.

ఆ గురువారం మీరూ ఉన్నారక్కడ. షామియానా కింద, ముదీర్ల పక్కన, నెత్తి మీద తెల్ల టోపీ పెట్టుకుని. పైపులో మామూలు నీళ్ళు కాదు, మరుగుతున్న నీళ్ళు ఎక్కించేరు, ప్లాంటులో నడిచేది అదే గనక. బాషాగారు ముల్లు చూసే చోట నిలబడ్డాడు. అది ఆయన పని. కాస్త ఎడంగా నిలబడతానన్నాడంట. మా ఆయనే, "నిలబడు బాషా, నా చేతి పట్టీ, దానికేమవుద్ది" అన్నాడంట. ఉప్పాడ ఒడ్డున అన్న మాటే రువైస్‌లోనూ అన్నాడు.

అరటిపండు తొక్కలాగ ఊడొచ్చేసింది.

ఆ తర్వాతది మీరు కళ్ళారా చూసేరు. నేను చూళ్ళేదు. మా ఆయన చెప్పడు. బాషాగారు ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండి పోయేడు. ఆ గొంతు వినబడదిక. వాళ్ళావిడ షాహీన్ నెల్లూరు నుంచి నాకు ఫోను చేసింది. తిట్టలేదండీ. తిడితే బాగుండేది. "చెల్లీ, మా ఆయన మీ ఆయన పట్టీని నమ్మి నిలబడ్డాడంట కదా" అంది. అంతే అంది. నేనేం చెప్పను? మా ఆయన మా అయ్యగారి మాట నమ్మేడక్కా అని చెప్పనా? అది ఆమెకేం ఓదార్పు?

మా ఆయన్ని పోలీసులు తీసుకెళ్ళేరు. ఎవరు కలిపేరు? నేనే. పాళ్ళు ఎందుకు మార్చేవు? తడిగా ఉందని. ఎవరు మార్చమన్నారు? ఎవరూ అన్లేదు. ఇదీ ఆయన చెప్పింది. నేరం ఆయన మీదే ఖాయమైతే జైలు, జైలు తర్వాత దేశం దాటిస్తారు. మళ్ళీ ఇక్కడ కాలు పెట్టనివ్వరు. అది సరే, పెట్టకపోతే మాయె. మనిషిని చంపినోడు అన్న పేరు నెత్తిన మోసుకుని ఒడ్డుకి పోవాలి. పెద్దిరాజు పట్టీ అంటే ఇక అర్థం మారిపోద్ది.

సోమవారం ఈ ప్రమాదం మీద కమిటీ కూర్చుంటుంది. మీరెళ్ళి చెప్పాలి. మీరేం చెప్తారో కూడా నాకు తెలుసు, మొన్న రాత్రి అమ్మగారితో అంటా ఉంటే వినబడింది. మెటీరియల్లో లోపం లేదు, చేసిన చేతిలో లోపం. అప్పుడేమో సామాన్య కూలీ కూడా చెయ్యగలడు. ఇప్పుడేమో సామాన్య కూలీ చెయ్యబట్టే ఇలాగయ్యింది. ఒకటే కూలోడండీ! ఒకటే చెయ్యి!

అవును, ల్యాబు మూసేస్తారు. అవునవును, మీ ల్యాబు పిల్లల చదువులు ఆగిపోతాయి. మీ కాంట్రాక్టు పోద్ది. కంపెనీ ఇంకో యూనివర్సిటీ దగ్గరికి పోద్ది. అవన్నీ నాకు తెలీదనుకుంటున్నారా? ఈ ఇంట్లో నేను తినే అన్నం కూడా దాంట్లోదే. మీరు చెడ్డోరని నేనన్లేదు. చెడ్డోరైతే నాకు తేలిగ్గా ఉండును. తిట్టుకుని పడుకునేదాన్ని.

మీ నోటితో చెప్తారేమోనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు. మీరు బాల్కనీలోకి పోతానే ఉన్నారు. ఇక ఉండబట్టలేక మొన్న గురువారం ప్రార్థనకి చర్చికెళ్ళాలని అబద్ధం చెప్పి సెలవడిగేను కదా. చర్చికెళ్ళలేదు. బస్సెక్కి రువైస్ వెళ్ళేను.

ఆ, అవును. కేసు చూసే ఆఫీసరు దగ్గరికే.

ఉలిక్కిపడకండి. వినండి ముందు.

తెలుగు తెలిసినోళ్ళు లేరక్కడ. హిందీ చెప్పే దుబాసీ ఒకాయన. ఎవరు నువ్వు అన్నాడు. ఫలానా వాళ్ళ భార్యని అన్నాను. ఫలానా ఎవరు? చిన్ని నాన్న అన్నాను. దుబాసీ నవ్వేడు. పేరు చెప్పమ్మా అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నించీ మొదటిసారి నా మొగుడి పేరు పైకి అన్నాను, జైలు గది పక్కన నిలబడి. పెద్దిరాజు. ఏదో తప్పు చేసినట్టనిపించింది.

అంతా చెప్పేను. ఫ్రిజ్ పక్కన మీరు నిలబడ్డం కూడా. ఆఫీసరు బాగానే విన్నాడు, మర్యాదస్తుడే. నా ఫోను చూపించమన్నాడు. చూసేడు. ఆ రోజు పొద్దున్న ఏముంది అందులో? మొగుడు పెళ్ళానికి ఫోను చేసేడు. అంతే కదండీ కనబడేది! మీ నంబరు ఎక్కడుంది? ఖలాస్.

అయినా ఆయన్ని రమ్మన్నారు. తెచ్చేరు. చిక్కిపోయేడండీ. చొక్కా వేరేవాళ్ళది వేసుకున్నట్టుంది. దుబాసీ అడిగేడు, నీ భార్య ఇలాగంటోంది, మీ ప్రొఫెసరు చెప్తేనే మార్చేవంట, నిజమేనా?

నా వంక చూసేడు. ఒక్కసారే. "కాదు సాబ్. ఆడమనిషి, నన్ను విడిపించుకోవాలని ఏదో అంటోంది. సారుగారు అలాంటి మాట అనరు. కలిపింది నేను, చెయ్యి నాది" అన్నాడు.

నా మొగుడే నన్ను అబద్ధాలకోరుని చేసేసేడు! అందరి ముందూ! ఆఫీసరు నన్ను చూసి, ఇలాంటివి మళ్ళీ చెప్పకమ్మా, నీ మీద కేసవుద్ది, ఈసారికి మాఫీ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయేను.

బయట వరండాలో కాస్సేపు మాట్లాడుకోనిచ్చేరు. చెంప పగలగొడదామన్నంత కోపం. "ఎందుకు చేసేవయ్యా ఇలాగ? నీ చేతులారా నీ గోయి తవ్వుకుంటావా?" అన్నాను. ఆయనేమన్నాడో చెప్పమంటారా?

"ఏమే, నీకు బుద్ధుందా? సోమవారం సారుగారే వస్తారు. ఆయన నోటితో ఆయనే చెప్తారు. ఆయన కన్నా ముందు మనం నోరెత్తేస్తే, దొరికిపోయి చెప్పినట్టవదా? ఆయన పరువేం కాను?"

అదండీ. మీ పరువు కోసం ఆగేడు. పెద్దవాళ్ళు మాట్లాడకముందు మనం మాట్లాడకూడదు కదా! ఆ పొద్దున్న ఫోను మీకు చెయ్యకుండా నాకు చేసిన మనిషే, ఈ రోజు జైల్లో కూర్చుని మీకు దారిస్తున్నాడు, ముందు మీరు నడవండని. మీరు వస్తారని ఆయనకి ఒక్క పిసరు కూడా అనుమానం లేదు. నేను, ఆయన అమ్మగారితో అన్న మాటలు విన్నానయ్యా, ఆయన రాడు, వచ్చినా నీ చెయ్యే చూపిస్తాడు అని చెబుదామనుకున్నాను. నాలిక మీదదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసేను.

నా వీసా మీ చేతిలో ఉంది. రద్దు చేస్తారో, ఉంచుతారో మీ ఇష్టం. నేను చెప్పకుండా వెళ్ళినందుకు మీకు కోపం రావాలి. వచ్చిందా? రాలేదా? మీ మొహంలో ఏమీ కనబట్టం లేదు నాకు. హమ్మయ్య అన్నట్టు మాత్రం కాస్త కనబడింది, మా ఆయన కాదన్నాడని చెప్పినప్పుడు. భుజాలు కిందికి దిగేయి మీకు. చూసేనులెండి.

ఇంకేం లేదు. అయిపోయింది. లేచి వెళ్ళిపోవాలంటే వెళ్ళండి, బాల్కనీ తలుపు తీసే ఉంది.

ఒక్క మాట. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళిపోతుంటే వెనక్కి తిరిగి అడిగేడు. ఏమడుగుతాడు, చిన్ని ఎలాగుంది అనడుగుతాడనుకున్నాను. "సారుగారు బాగున్నారా? ఈ గొడవల్లో పడి తిండి మానేసేరేమో, వేళకి పెడుతున్నావా?" అన్నాడు.

తింటున్నారని చెప్పేను. సోమవారం వస్తారని కూడా చెప్పేను.

రెండు మాటలు చెప్పేను. రెండోది ఏమవుద్దో మిమ్మల్ని చూస్తుంటే తెలుస్తానే ఉంది. మొదటిదాన్నైనా నిజం చెయ్యండి అయ్యగారూ. పులుసు వేడి చేసి తెస్తాను. తినండి.